మొదటిసారి రక్తదాన శిబిరం పెడుతున్న రమ్యకు

చి. రమ్యకు ఆశీస్సులు.

అక్టోబరు 1న మీ ఊళ్ళో రక్తదాన శిబిరం పెడుతున్నామనీ, 150 యూనిట్లు సేకరించాలనుకుంటున్నామనీ రాశావు. చాలా సంతోషం తల్లీ. జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం కూడా ఆరోజే. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ చూసిన ఇరవై రెండేళ్ళలో నేను చేసిన పొరపాట్లు నువ్వు చెయ్యకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ 150 సంగతి. నేనూ ఒకసారి ఒక నాయకుడి పుట్టినరోజుకి ఒక్కరోజే రెండొందల మంది చేత రక్తం ఇప్పించాను. పేపర్లో ఫొటోలు వచ్చాయి. నెలా పదిహేను రోజులు గడిచాక, ఆ బ్లడ్ బ్యాంకులో పనిచేసే టెక్నీషియన్ నన్ను లోపలికి తీసుకెళ్ళి, గడువు దాటిన ప్యాకెట్లు ట్రేలో పేర్చి ఉంటే చూపించాడు. వాటి మీద మా శిబిరం తేదీ ఉంది. ఎర్రకణాల్ని ఫ్రిజ్‌లో ఎంత జాగ్రత్తగా ఉంచినా 35 నుంచి 42 రోజులే. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే.

అదే ఏడు మే నెలలో పక్క ఊరి నుంచి ఒకావిడ ఆరేళ్ళ పాపనెత్తుకుని మా ఇంటికొచ్చింది. పాపకి తలసీమియా, ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టుజబ్బు. మూడు వారాలకోసారి గుంటూరు తీసుకెళ్ళి రక్తం ఎక్కించాలి. "మాస్టారూ, మీరు వందలమంది చేత ఇప్పిస్తారంట కదా, మా పిల్లకి ఒక్కరు దొరకరా?" అంది. ఆ రెండొందల మందిలో ఒక్కరి ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు. ఆ పూట నేను పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే చెబుతున్నా, 150 మందినీ ఒక్కరోజే పిలవకు. ముందు బ్లడ్ బ్యాంకు వాళ్ళని అడుగు, ఎంత తీసుకోగలరో, ఏ గ్రూపులకి కొరతగా ఉందో. అక్టోబరులో యాభై మంది చాలు. సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు నుంచి పిల్లలంతా ఊరొస్తారు కదా, అప్పుడింకో యాభై. కనుమ రోజు మాత్రం పెట్టకు, ముందురోజు మందు తాగినవాళ్ళని తీసుకోకూడదు. మిగతా యాభై మందినీ మే నెలకి దాచు. హాస్టళ్ళు ఖాళీ అయిపోయి, ఎండలకి శిబిరాలు ఆగిపోయే కాలమది. కాన్పులు, ప్రమాదాలు ఆగవు కదా.

ఇంకో మాట, ఇది గట్టిగా పట్టుకో. ఎవర్నీ పదిమందిలో నిలదీసి "నువ్వూ ఇవ్వరా" అనకండి. హెల్మెట్లు, చీరలు ఆశ పెట్టకండి. 1996లో సుప్రీంకోర్టు చెప్పబట్టి, 1998 జనవరి నుంచి డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతి దేశంలో ఆగింది. డబ్బు కోసం వచ్చినవాడు తన జబ్బు దాచేవాడు. మొహమాటానికి పడుకున్నవాడూ దాస్తాడు. ప్రతి యూనిట్‌కీ హెచ్‌ఐవీ, రెండు రకాల హెపటైటిస్, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు, నిజమే. అయినా ఇన్ఫెక్షన్ కొత్తగా సోకినప్పుడు కొన్నాళ్ళపాటు అది పరీక్షకి దొరక్కపోవచ్చు. అక్కడ మనకున్న రక్ష, దాత చెప్పే నిజమొక్కటే. "నేను ఇవ్వను" అన్నవాణ్ణి ఎందుకని అడక్కు. అరటిపండు చేతిలో పెట్టి పంపించు.

ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. వేలికొసన గుచ్చి, ఒక చుక్కని నీలంగా ఉండే మైలుతుత్తం ద్రావణంలో వేస్తారు. చుక్క ఆగకుండా అడుక్కి దిగితే హిమోగ్లోబిన్ సరిపోయినట్టే, అంటే 12.5 ఉన్నట్టు. మధ్యలో ఆగి తేలిపోతే తక్కువ. ఇప్పుడు చాలాచోట్ల మీటర్లు వచ్చాయనుకో. ఎంతో ఉత్సాహంగా వచ్చిన పిల్ల ఆ చుక్క తేలగానే తప్పు చేసినదానిలా తలదించుకుని వెళ్ళిపోవడం ఎన్నిసార్లు చూశానో! అలా పోనివ్వకు. పక్కన కూర్చోబెట్టి మాట్లాడు. పీహెచ్‌సీలో చూపించుకుని ఐరన్ మాత్రలు వాడమను, మునగాకు, తోటకూర తినమను. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రమ్మని పేరు రాసుకో. వాళ్ళలో కొందరు నిజంగానే తిరిగొచ్చి ఇచ్చారు.

మిగతావి నీకు తెలిసినవే. వయసు పద్దెనిమిది నిండాలి, బరువు 45 కిలోలకి తగ్గకూడదు. ఖాళీ కడుపుతో ఎవర్నీ పడుకోబెట్టొద్దు, ఇడ్లీ తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి రమ్మను. ఇచ్చాక పావుగంటైనా కూర్చోవాలి. కళ్ళు తిరిగేది చాలామందికి మంచం మీద కాదు, హడావుడిగా లేచి బండి దగ్గరికి నడిచినప్పుడు. స్టాండు దగ్గర ఒక కుర్రాణ్ణి నిలబెట్టు.

అన్నిటికంటే ముందు ఒక లాంగ్‌నోటుబుక్కు కొను. పేరు, గ్రూపు, నంబరు, ఇచ్చిన తేదీ. మగవాళ్ళకి 90 రోజులకి, ఆడవాళ్ళకి 120 రోజులకి ఫోను చెయ్యాలి. మెసేజ్ పెడితే చాలదు, మాట్లాడాలి. "పోయినసారి ఇచ్చాక ఎలా ఉన్నారు?" అని అడిగి, తర్వాత సంగతి చెప్పు.

నాకు అరవై ఐదు దాటాయి, ఇక నా రక్తం తీసుకోరు. ఆ పుస్తకం రాసే కుర్చీ నాకుంచు. పొద్దున ఏడింటి బస్సుకి దిగుతాను.

మీ మాస్టారు