ధ్యానం చేస్తున్నా తాళం అనుమానం పోవడం లేదు!

ప్రశ్న: నా వయసు 31. తాళం వేశాక ఏడెనిమిది సార్లు లాగి చూస్తేగానీ మెట్లు దిగలేను. సగం దారి నుంచి వెనక్కి వచ్చిన రోజులూ ఉన్నాయి. ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు వచ్చి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) అని డాక్టర్ మందులు రాశారు. మూడు వారాలుగా వాడుతున్నా గుణం కనిపించలేదు. మనసు కుదుటపడుతుందని ఫోనులో యాప్ పెట్టుకుని, శ్వాసను గమనిస్తూ చేసే మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం మొదలుపెట్టాను. మధ్యలో తాళం గుర్తొస్తే ధ్యానం చెడిపోయిందనిపించి మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను. పది నిమిషాల ధ్యానం గంట దాటుతోంది. ఇది నాకు పనికిరాదా?

జవాబు: పనికొస్తుంది. కాకపోతే మీరిప్పుడు చేస్తున్నది ధ్యానం కాదు, తాళం లాగి చూడటమే. అక్కడ చేత్తో లాగుతున్నారు, ఇక్కడ శ్వాసతో. ఆలోచన పోయిందా అని చూసుకోవడం, పోలేదనిపిస్తే మళ్లీ మొదలుపెట్టడం... రెండుచోట్లా జరుగుతున్నది ఒకటే. ఇందులో మీ తప్పేమీ లేదు. ఓసీడీ అంతే, చేతికందిన ప్రతిదాన్నీ ఒక తంతుగా మార్చేస్తుంది.

'మనసు ఖాళీ కావడం లేదు డాక్టర్' అని చాలామంది బాధపడతారు. ఖాళీ ఎందుకు కావాలి? అర్థంలేని, ఇబ్బందిపెట్టే ఆలోచనలు ఏ జబ్బూ లేనివారిలోనూ ఎక్కువమందికి వస్తాయని రాక్‌మన్, డిసిల్వా అనే మనస్తత్వవేత్తలు 1978లోనే చూపించారు. వాళ్లు వాటిని పట్టించుకోకుండా వదిలేస్తారు. ఓసీడీ ఉన్నవారు సమాధానం చెప్పుకోవడానికి కూర్చుంటారు. మైండ్‌ఫుల్‌నెస్ నేర్పేది ఆలోచనను తరిమేయడం కాదు, దానికి సమాధానం చెప్పకుండా ఉండటం.

అందుకే దాన్ని తలుపు దగ్గరే వాడండి. తాళం వేసి, ఒక్కసారి లాగి, చేయి తీసేయండి. 'పడలేదేమో' అనే అనుమానం వస్తుంది. 'పడిందిలే' అని సర్దిచెప్పుకోవద్దు, అదీ ఒక తనిఖీయే. తాళాన్ని ఫోనులో ఫొటో తీసుకోవడం, 'నేను తాళం వేశాను కదా' అని ఇంట్లోవాళ్లను అడగడం కూడా అంతే. 'తాళం పడలేదేమో అన్న ఆలోచన వచ్చింది' అని మాత్రం అనుకోండి. గుండె దడదడలాడుతుంది, చేయి వెనక్కి లాగుతుంది. లాగనివ్వండి. ఆ లాగుడును గమనిస్తూనే, అరికాళ్లకు తగిలే ఒక్కో మెట్టునూ గమనిస్తూ దిగిపోండి. కాసేపటికి ఆందోళన తగ్గవచ్చు, ఆ పూటకు తగ్గకపోవచ్చు కూడా. వెనక్కి వెళ్లకపోవడమే ముఖ్యం.

ఇక కూర్చుని చేసే ధ్యానానికి పది నిమిషాలకు అలారం పెట్టుకోండి. మోగగానే లేవండి. ఆ పది నిమిషాలూ తాళమే గుర్తొచ్చినా సరే, ధ్యానం అయిపోయినట్టే. బాగా కుదిరిందా, లేదా అని మార్కులు వేసుకోవద్దు. 'ఊపిరి సరిగా తీస్తున్నానా' అనే కొత్త అనుమానం పట్టుకుంటే శ్వాసను వదిలేసి చుట్టూ వినిపించే చప్పుళ్ల మీద దృష్టి పెట్టండి.

ఒక్క మైండ్‌ఫుల్‌నెస్‌తోనే ఓసీడీ తగ్గుతుందని నేను చెప్పను. అసలు చికిత్స ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపెట్టే సందర్భాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, తంతు చేయకుండా ఆగడం ఇందులో సాధన చేయిస్తారు. పైన చెప్పిన తలుపు అభ్యాసం దీనిలో ఒక ముక్క. సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. ఈ చికిత్స తెలిసిన క్లినికల్ సైకాలజిస్ట్‌ను కలవండి. మందుల విషయానికొస్తే, ఓసీడీలో అవి పనిచేస్తున్నాయో లేదో తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడు వారాలకే నిరాశపడి ఆపేయకండి.

బతకాలని లేదన్నంత దిగులు ఎప్పుడైనా కలిగితే మాత్రం ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈసారి మీ డాక్టర్‌ను కలిసినప్పుడు తాళంతో పాటు ఈ గంట ధ్యానం సంగతీ చెప్పండి. మంచి అలవాటే కదా అని చాలామంది దీన్ని జబ్బు లెక్కలో చెప్పరు.