రేంజర్స్‌కు మళ్లీ కప్పు వస్తుందా? (2024 సీజన్‌కు ముందు రాసినది)

ప్రశ్న: మేం ఇర్వింగ్‌లో ఉంటాం. నిరుడు, అంటే 2023లో, టెక్సస్ రేంజర్స్ జట్టు వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్స్) గెలిచినప్పటి నుంచి మా అబ్బాయికి బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. 2024లోనూ కప్పు మనదే అంటున్నాడు. జట్టు అంత గట్టిగా ఉందా సార్?

జవాబు: బ్యాటింగ్ వరకూ మీవాడి మాట నిజమేనమ్మా. నిరుడు కోరీ సీగర్ 119 మ్యాచ్‌లే ఆడి 33 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. సీమియన్ సీజన్‌లోని 162కి 162 మ్యాచ్‌లూ ఆడాడు. కుర్రాడు ఇవాన్ కార్టర్ అంటే నాకు ప్రాణం. బంతి స్ట్రైక్ జోన్‌కు (బ్యాటర్ ఆడాల్సిన పరిధికి) కాస్త అవతలగా వస్తే చాలు, బ్యాట్ కదపడు. 21 ఏళ్లకే అంత నిదానం ఎంతమందికి ఉంటుంది!

నా టెన్షన్ అంతా పిచింగ్ (బంతి విసరడం) గురించే. పిచర్లు డిగ్రామ్‌కు, మాలేకు నిరుడే మోచేతి ఆపరేషన్లయ్యాయి. షెర్జర్‌కు డిసెంబర్‌లో వెన్ను ఆపరేషన్. ముగ్గురూ సీజన్ మొదట్లో ఉండరు. అక్టోబర్‌లో ఆదుకున్న మాంట్‌గోమరీ ఒప్పందం గడువు ముగిసింది. ఇక బరువంతా ఇవాల్డీ, జాన్ గ్రే, డనింగ్, హీనీల మీదే. ఇవాల్డీ మోచేతికి కూడా గతంలో రెండుసార్లు కత్తి పడింది.

బుల్‌పెన్ (మ్యాచ్ మధ్యలో, చివర్లో వచ్చే పిచర్లు) సంగతి మరీ బాధ. నిరుడు మ్యాచ్‌ల చివర్లో కాపాడుకున్న ఆధిక్యాల కంటే చేజార్చుకున్నవే ఎక్కువ. అందుకే రాబర్ట్‌సన్‌ను, యేట్స్‌ను తెచ్చుకున్నారు. మంచి పనే, కానీ ఇద్దరూ 35 దాటినవాళ్లు.

ప్లేఆఫ్స్ కోసం పోరాడే జట్టే. కప్పు మాత్రం ఇప్పుడే రాసివ్వలేను. 2024 మార్చి 28న ఆర్లింగ్టన్‌లో షికాగో కబ్స్ జట్టుతో తొలి మ్యాచ్. వెళ్తే, తొమ్మిదింటిలో ఏడో ఇన్నింగ్స్ తర్వాత బంతి ఎవరి చేతికిస్తున్నారో బాబును గమనించమనండి.