తల్లిదండ్రులు నింపే ఫారంతో పిల్లల ఎదుగుదల తెలుస్తుందా?

హన్మకొండలో పిల్లల డాక్టర్ ఇచ్చిన ఫారంను నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొచ్చు. అయితే అది జల్లెడ మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. ఇలాంటి ఫారాల్లో బాగా వాడుకలో ఉన్న ఏఎస్‌క్యూ-3 (ఏజెస్ అండ్ స్టేజెస్ క్వశ్చనేర్)లో మాటలు, నడక వంటి విభాగాలుగా 30 ప్రశ్నలుంటాయి. ‘అవును’కు 10, ‘అప్పుడప్పుడు’కు 5, ‘ఇంకా లేదు’కు 0 మార్కులు. మాటల విభాగంలో తగ్గిన మార్కులను నడక మార్కులతో పూడ్చరు.

గుర్తున్నదాన్ని బట్టి టిక్ పెట్టకండి, చేయించి చూడండి. తొమ్మిది, పది నెలల పాప ముందు నాలుగు మరమరాలు పోయండి. వేళ్లతో ఏరుతోందా, గుప్పిటతో ఊడ్చేస్తోందా? మూడు వారాలు, అంతకన్నా ముందే పుట్టిన పిల్లలకు రెండేళ్లదాకా ఆ వారాలు తీసేసి వయసు లెక్కగట్టాలి.

మార్కులు తగ్గితే ‘వాళ్ల నాన్నకూ మాటలు లేటే’ అనే అత్తమ్మ మాట విని ఆగకండి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందానికి ఉచితంగా చూపించవచ్చు.