రోడ్డు మీద తగాదా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో డ్రైవింగ్ లైసెన్సు గురించి రాసిన తరువాత అందిన ఉత్తరాలలో చాలా భాగం లైసెన్సు సంగతి వదిలేసి, రోడ్డు మీద మీదికొచ్చే మనుషుల గురించే అడిగాయి. వాటిలో అయిదింటికి ఈసారి జవాబిస్తున్నాను. రవాణా శాఖలో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక, చట్టం చెప్పే మాటతో పాటు నేను చూసిన సంగతులూ కొన్ని కలుస్తాయి.

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు): నాకు 41 ఏళ్లు. పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నాను. ఒక్క ప్రమాదమూ చేయలేదు. గత నెల మూసాపేట మెట్రో స్టేషన్ దగ్గర ఒక బైకు కుర్రాడు ఎడమ పక్క నుంచి దూరి, నా కారు సైడు అద్దానికి తగిలించి ఆగకుండా పోయాడు. హారన్ కొడితే వెనక్కి తిరిగి బూతు మాట అన్నాడు. వెంబడించి ఎర్రగడ్డలో కారు అడ్డం పెట్టి దిగాను. ఇద్దరం చొక్కాలు పట్టుకున్నాం, జనం విడదీశారు. వెనక సీట్లో మా ఎనిమిదేళ్ల పాప ఉంది. ఆ రోజు నుంచి నా కారు ఎక్కడానికి భయపడుతోంది. తప్పు అతనిదే కదా, నేను చేయవలసింది ఏమైనా ఉందా?

జవాబు: ఎడమ పక్క నుంచి ఓవర్‌టేక్ చేయడం, తగిలించి ఆగకుండా పోవడం, బూతులు తిట్టడం మూడూ ఆ కుర్రాడి తప్పులే, అందులో సందేహం లేదు. అయితే మీ ఉత్తరాన్ని మీరే మరొకసారి చదువుకోండి. అద్దం తగిలింది మూసాపేటలో, మీరు దిగింది ఎర్రగడ్డలో. మధ్యలో భరత్‌నగర్ వంతెన మీదుగా, రెండు మెట్రో స్టేషన్ల దూరం, ఆ రద్దీలో పాపను వెనక కూర్చోబెట్టుకుని మీరు ఒక మనిషిని తరిమారు. పాప భయం ఆ కుర్రాడిని చూసి పుట్టినది కాదు.

అక్కడికి పోలీసులు వచ్చి ఉంటే కేసు ఇద్దరి మీదా పడేది. అతనిది నిర్లక్ష్యపు డ్రైవింగ్. మీది కూడా అదే, దానికి తోడు మనిషిని కదలనీయకుండా అడ్డగించినందుకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 126వ సెక్షను, దెబ్బ తగిలి ఉంటే 115వ సెక్షను. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం ప్రమాదకరంగా నడిపినందుకు తొలిసారి అయితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అద్దం పోగొట్టుకున్నవాడికి ఆ సెక్షను వర్తించదని చట్టంలో ఎక్కడా లేదు.

ప్రమాదానికి గురైన బండ్లను తనిఖీ చేయడానికి పోలీసు స్టేషన్లకు వెళ్లడం మా ఉద్యోగంలో భాగం. ఒకసారి స్టేషను ఆవరణలో వేపచెట్టు కింద ఒక ఆటో, ఒక కారు పక్కపక్కన నిలిపి ఉన్నాయి. ఆటో రేకు మీద జానెడు గీత, కారుకు పగిలిన ఇండికేటరు. రెండింటి బ్రేకులూ భేషుగ్గా ఉన్నాయి. కారాయన ముక్కుకు పట్టీ, ఆటో డ్రైవరు కుడిచేతి వేళ్లకు కట్టు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఏం జరిగిందని అడిగితే, ఇద్దరి నోటి నుంచీ వచ్చిన మొదటి మాట ఒకటే: "నన్ను అలా అన్నాడు సార్." గీత గురించి గానీ ఇండికేటరు గురించి గానీ ఎవరూ ఎత్తలేదు. నా ఫారంలో బ్రేకులకు గడి ఉంది, స్టీరింగుకు ఉంది, టైర్లకు ఉంది. ఆ మాట రాసుకోవడానికి మాత్రం గడి లేదు.

మీ తగాదా కూడా అద్దంతో మొదలై మాటతో ముదిరింది. కారులో కూర్చున్నప్పుడు ఎదుటివాడి ముఖం కనబడదు, బండి మాత్రమే కనబడుతుంది. మనం సిగ్నల్ దాటేస్తే ఆఫీసుకు ఆలస్యమైందని అంటాం, ఎదుటివాడు దాటేస్తే పొగరంటాం. పైగా కోపం వచ్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, చూపు ముందున్న ఆ ఒక్క బండి మీదే బిగుసుకుంటుంది, పక్క నుంచి రోడ్డు దాటుతున్న మనిషి కంట పడడు. ఆ ఉద్రేకం చల్లారడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అవతలివాడు ఆ కొన్ని నిమిషాలు మీ కంటికి కనబడకుండా ఉంటే చాలు, చాలా తగాదాలు పుట్టవు. అందుకని చేయవలసిన మొదటి పని యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయడం. అతను పోతాడు, పోనివ్వండి. పక్కన కూర్చున్నవారెవరైనా బండి నంబరు, సమయం, మెట్రో పిల్లర్ నంబరు రాసుకుంటే, ట్రాఫిక్ పోలీసులకు ఫిర్యాదు చేయడానికి అవి సరిపోతాయి. మన హైదరాబాదులో చిరునామా చెప్పడానికి పిల్లర్ నంబరును మించినది ఇంకా పుట్టలేదు.

అద్దానికి బీమా క్లెయిము చేసే ముందు ఒక లెక్క వేసుకోండి. ఏడాది క్లెయిము లేకుండా గడిపినవారికి సొంత నష్టపు ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 20 శాతం తగ్గుతుంది. అయిదేళ్లు గడిపితే ఆ తగ్గింపు 50 శాతానికి చేరుతుంది. చిన్న అద్దం కోసం దాన్ని వదులుకోవడం చాలాసార్లు నష్టమే.

ఇక పాప సంగతి. "ఆ అన్న రౌడీ" అని నచ్చజెప్పకండి. "ఆ రోజు నేను దిగి ఉండకూడదు, నీకు భయం వేసింది, తప్పు నాదే" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. ఆ తరువాత ఏ ఆదివారం ఉదయమో రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకువెళ్లండి. ఎవరైనా అడ్డం వస్తే మీరు ఆగి చెయ్యూపి పంపించడం పాప కళ్లారా చూడాలి. ఒకసారి చూస్తే చాలదు, కొన్ని నెలలు చూడాలి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి): రోడ్డు మీద గొడవలో ఒక దెబ్బ కొడితే అది చిన్న కేసే కదా, జరిమానాతో పోతుంది కదా అని మా మిత్రులు అంటారు. నిజమేనా?

జవాబు: 1988 డిసెంబరు 27న పంజాబులోని పటియాలాలో, రోడ్డు మధ్య నిలిపిన జిప్సీ వాహనాన్ని పక్కకు తీయమన్న విషయంలో మాటామాటా పెరిగి, క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ 65 ఏళ్ల పెద్దాయనను కొట్టారు, ఆ పెద్దాయన మరణించారు. 1999లో కింది కోర్టు సిద్ధూను విడిచిపెట్టింది, 2006లో హైకోర్టు మూడేళ్ల శిక్ష వేసింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని 1,000 రూపాయల జరిమానాకు తగ్గించింది. మీ మిత్రులు చెప్పే కథ బహుశా ఇక్కడ ఆగిపోతుంది. మృతుని కుటుంబం పునఃసమీక్ష కోరింది. 2022 మే 19న అదే న్యాయస్థానం ఏడాది కఠిన కారాగార శిక్ష విధించింది. దృఢకాయుడైన క్రీడాకారుడి చెయ్యి కూడా ఆయుధం కాగలదని వ్యాఖ్యానించింది. అప్పటికి ఘటన జరిగి 33 ఏళ్లు దాటాయి, సిద్ధూ రాజకీయాల్లోకి వచ్చి మంత్రి పదవి కూడా చేశారు. ఆ దెబ్బ చిన్నదో పెద్దదో కొట్టే ముందు తెలియదు. అవతలివారికి గుండె జబ్బుందో, వెనక్కి పడితే తల డివైడరుకు తగులుతుందో ఎవరు చెప్పగలరు?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక అధ్యాపకురాలు): రాత్రి ఎనిమిదిన్నరకు స్కూటీ మీద బెంజి సర్కిల్ నుంచి పటమట వైపు వెళుతుంటే, దారి ఇవ్వలేదని ఒక కారు వెనకే డిప్పర్ కొడుతూ వచ్చింది. పక్కకు వచ్చి అద్దం దించి నోటికొచ్చినట్లు తిట్టారు. మా వీధి మలుపు దాకా వెంట వచ్చి వెళ్లిపోయారు. "గబగబా ఇంటికి వచ్చేస్తే సరిపోయేది" అని మావారు అంటున్నారు. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ ఒక్క విషయంలో మీవారి సలహా పాటించకండి. వెంటపడిన వాహనానికి ఇంటి దారి చూపించకూడదు. లైట్లు లేని సందులోకి అసలే తిరగకూడదు. పెట్రోల్ బంకు, తెరిచి ఉన్న మందుల దుకాణం, జనం ఉన్న హోటలు, పోలీసు స్టేషను, ఏది ముందు వస్తే అక్కడికి వెళ్లి ఆగండి. బంకు అన్నిటికంటే మేలు. వెలుతురు ఉంటుంది, సిబ్బంది ఉంటారు, సాధారణంగా కెమెరాలూ ఉంటాయి. అక్కడ నిలబడి 112కు ఫోన్ చేసి, కారు నంబరు, రంగు, ఏ వైపు వెళ్లిందన్నది, మీరు నిలబడిన చోటు చెప్పండి. నంబరు మొత్తం చూడలేకపోతే చివరి నాలుగు అంకెలు చాలు. తిట్టిన మాటలకు బదులు చెప్పకండి, వారి ముఖంలోకి చూడకండి. ఇందులో పిరికితనం ఏమీ లేదు. ఆ కారులో కూర్చున్నవారు ఎదురు చూసేది మీ జవాబు కోసమే.

ఫిర్యాదు చేయడం మానకండి. మహిళను కించపరిచే మాటకు, సైగకు న్యాయ సంహిత 79వ సెక్షను మూడేళ్ల దాకా శిక్ష చెబుతోంది. ప్రాణాపాయం కలిగేలా నడిపినందుకు 281వ సెక్షను ఉంది. "ఇది మా పరిధి కాదు" అని స్టేషనులో ఎవరైనా అంటే, జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా నమోదు చేసి, తరువాత సంబంధిత స్టేషనుకు పంపాలని 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత (కేసుల నమోదు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం) చెబుతోంది. ఒక్క జాగ్రత్త: కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డవుతూ పోతాయి కనుక, ఆలోచించుకుందామని వారాల తరబడి వాయిదా వేయవద్దు.

ప్రశ్న (సూర్యాపేట నుంచి ఒక వ్యాపారి): విజయవాడ హైవే మీద టీ తాగి కారు మళ్లీ రోడ్డెక్కిస్తుంటే ఒక బైకు తగిలింది. అతనికి మోకాలు గీసుకుపోయింది. చూస్తుండగానే ముప్పై మంది మూగారు, తాళం లాక్కున్నారు, 20,000 ఇస్తేనే వదులుతామన్నారు. ఇచ్చి బయటపడ్డాను. నేను పారిపోయి ఉంటే నేరమయ్యేదా?

జవాబు: ముందుగా ఒక మాట: పక్క నుంచి ప్రధాన రోడ్డు ఎక్కేవారే రోడ్డు మీద వస్తున్నవారికి దారి ఇవ్వాలి. ఆ బైకు వేగంగా వచ్చి ఉండవచ్చు, అయినా మీ వైపు తప్పు లేదని చెప్పలేను.

చట్టం మీ ప్రశ్నను ముందే ఊహించింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం, గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం డ్రైవరు బాధ్యత. అయితే జనం ఆగ్రహం వల్ల అది సాధ్యపడనప్పుడు మినహాయింపు ఉందని ఆ సెక్షనులోనే రాసి ఉంది. అంటే మీదపడి కొట్టే పరిస్థితిలో అక్కడి నుంచి కదలడం నేరం కాదు. కానీ కదిలిన తరువాత ఎక్కడికి వెళ్లారన్నదే ముఖ్యం. దగ్గరి పోలీసు స్టేషనుకు వీలైనంత త్వరగా వెళ్లి, ఎంత ఆలస్యమైనా 24 గంటలలోపు, జరిగింది చెప్పాలి. దారిలోనే 108కి ఫోన్ చేసి గాయపడిన మనిషి ఉన్న చోటు చెప్పాలి. బీమా సంస్థకూ తెలియజేయాలి. స్టేషనుకు వెళ్లినవాడు డ్రైవరు, ఇంటికి వెళ్లినవాడు పరారీలో ఉన్న నిందితుడు. జాతీయ రహదారి మీద అయితే రహదారి సహాయ నంబరు 1033కు కూడా ఫోన్ చేయవచ్చు.

మీ విషయంలో జనం కొట్టినట్లు రాయలేదు. అటువంటప్పుడు మొదటి నిమిషం చాలా విలువైనది. కారు దిగగానే "చూసి రావొద్దా" అన్నారా, "దెబ్బ తగిలిందా తమ్ముడూ" అన్నారా అన్నదాన్ని బట్టే మూగిన జనం ఎటు మొగ్గుతారో తేలిపోతుంది. నీళ్ల సీసా తీసి మోకాలు కడగడానికి వంగిన మనిషి చేతిలోంచి తాళం లాక్కోవడం ముప్పై మందికీ కష్టమే. డబ్బు ఇవ్వక తప్పని స్థితి వస్తే, ఫోను ద్వారా గాయపడిన వ్యక్తికే పంపండి. ఎవరికి ఎంత ఇచ్చారన్నది రికార్డులో ఉంటుంది, మధ్యలో పెద్దమనుషుల ఉత్సాహమూ చల్లబడుతుంది.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి): మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రోజూ మన సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చేస్తే కారులో ఉంటాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఎవరినో తిడతాడు, హారన్ కొడతాడు. అక్కడ తుపాకులు ఉంటాయంటారు, నాకు భయంగా ఉంది.

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో, 21 ఏళ్లు నిండి చట్టపరమైన అడ్డంకి లేనివారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. మనకు హారన్ "వస్తున్నాను" అని చెప్పే మాట. అక్కడ అది చాలామందికి తిట్టుతో సమానం. ఎవరైనా వెంటపడితే ఇంటికి పోకుండా, దిగకుండా, 911కు ఫోన్ చేసి వారు చెప్పినట్లు చేయమనండి. పోలీసులు ఆపితే దిగకుండా, రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా ఉంచి కూర్చోమనండి.

మన సాయంత్రం ఆరున్నర అంటే వేసవిలో అక్కడ ఉదయం ఎనిమిది, అబ్బాయి రద్దీలో ఆఫీసుకు వెళ్లే వేళ. ఆ ఫోను ఒక గంట ఆలస్యంగా చేయండి.