బొమ్మ గీసింది ఏఐ అంటున్నారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. నాన్న చేర్యాల నకాషి (బట్ట మీద కథలు బొమ్మలుగా గీసే) చిత్రకారుడు. హైదరాబాద్‌లోని ఒక గిఫ్ట్ ఆర్టికల్స్ సంస్థ ఆర్డర్ ఇస్తామని 2022లో ఆయన బొమ్మల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో తెప్పించుకుంది. ఆ గ్రూపులో తమ్ముడూ ఉన్నాడు. ఆ చాట్ ఉన్న నా ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను. ఆర్డర్ రాలేదు. 2023 నవంబరులో వాళ్ల ట్రేల మీద అచ్చం నాన్న శైలి కనబడింది. నాన్న బొమ్మ, ట్రే ఫొటోలు రెండూ జతచేస్తున్నాను. గొడవెందుకని ఊరుకున్నాం. ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అడిగితే 'ఏఐ గీసింది, మాకేం సంబంధం' అంటున్నారు. నాన్న సరిగ్గా తినడం లేదు. పాత తేదీ స్టాంపు పేపరు మీద ఒప్పందం రాయించుకోమని తెలిసినవారు చెబుతున్నారు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: శైలి మీద కాపీరైట్ ఉండదు. ఎర్రటి నేపథ్యం, పెద్ద కళ్లు, కాటమరాజు కథ నకాషి కుటుంబాలన్నిటివీ. భావానికి కాదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ అని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులోనే తేల్చింది. 'మా శైలి దొంగిలించారు' అని దావాలో రాస్తే అవతలి వకీలు పని మీరే చేసిపెట్టినట్టు.

మీ కేసు బలమంతా మీరు జతచేసిన రెండు ఫొటోల్లో ఉంది. నాన్నగారి బొమ్మలో కల్లు గీసే కార్మికుడి మోకు (చెట్టెక్కే తాడు) ఎడమ భుజం మీద, కాళ్ల దగ్గర వెనక్కి తిరిగి చూస్తున్న కుక్క. ట్రే మీదా అదే మోకు, అదే కుక్క, అదే వరుస. ఆయన సంతకం చేసే మూలలో అక్షరాల్లాంటి అర్థంలేని గీతలు కూడా ఉన్నాయి. ఇది శైలి కాదు, నకలు. నకలు ఏ యంత్రం తీసిందన్నది అనవసరం. అమ్మినవారు కాపీరైట్ చట్టం సెక్షన్ 51 కింద బాధ్యులే. ఏఐకి బొమ్మలు మేపడం తప్పా కాదా అన్న వాదన జోలికి మీరు పోనక్కర్లేదు.

ఇక గడువు. నష్టపరిహారానికి ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్లే. అమ్మకాలు సాగుతున్నాయి కాబట్టి దావా హక్కు పోదు. కానీ 2023 నవంబరు అమ్మకాల డబ్బుకు 2026 నవంబరుతో గడువు తీరిపోతుంది. ఊరుకున్న ప్రతి నెలా మీకే నష్టం.

ఆ చాట్ ఉన్న ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశానని మామూలు విషయంలా రాశారు! ఫొటోలు వాళ్ల చేతికి చేరాయనడానికి ఉన్న ఒకే సాక్ష్యం అది. వెంటనే బ్యాకప్ వెతకండి. ఆ గ్రూపులో మీ తమ్ముడు కూడా ఉన్నాడన్నారు, అతని ఫోన్ ఎవరూ ముట్టుకోవద్దు. స్క్రీన్‌షాట్లు మాత్రమే సరిపోవు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ కావాలి.

స్టాంపు పేపరు సలహా ఇచ్చినవాళ్లను గుమ్మం తొక్కనివ్వకండి. అది ఫోర్జరీ. స్టాంపు వెండర్ రిజిస్టర్ తెప్పిస్తే దొరికిపోతారు. అప్పుడు ముద్దాయి మీ నాన్నగారే, నిజమైన కేసు కూడా దాంతోనే పోతుంది.

వాది మీరు కాదు, బొమ్మ గీసిన ఆయనే. రిజిస్ట్రేషన్ లేకపోయినా కాపీరైట్ ఉంటుంది. సెక్షన్ 62 ప్రకారం ఆయన నివసించే జిల్లా కోర్టులోనే వేయొచ్చు. దావా విలువ మూడు లక్షలు, ఆపైన చూపితే కమర్షియల్ కోర్టు. తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకాలు ఆపే ఉత్తర్వు) అత్యవసరంగా అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ట్రే డబ్బా మీద 'చేర్యాల పెయింటింగ్' అని ఉందేమో చూడండి. ఉంటే భౌగోళిక గుర్తింపు (జీఐ) చట్టం కింద ఇంకో దారి ఉంది. అందులో నాన్నగారు అధీకృత వినియోగదారుగా (ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా) నమోదయ్యారో లేదో కనుక్కోండి.

నోటీసు ఇవ్వకముందే బిల్లుతో రెండు ట్రేలు కొనండి. నోటీసు అందాక సరుకు మాయమవుతుంది.