ప్రోగ్రామింగా, డ్యాన్సా, డెంటల్ అసిస్టింగా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉంటాం. మా అమ్మాయి ఈ జూన్‌లో హైస్కూలు పూర్తి చేస్తుంది. యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల్లో) అనుకున్న సీటు రాలేదు, డి ఆంజా అనే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరతానంటోంది. వాళ్ల నాన్న ప్రోగ్రామింగ్ తీసుకోమంటారు. తను చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది, కాలేజీలో డ్యాన్సే చదువుతానంటోంది. మా తోడికోడలు ఇండియాలో బీడీఎస్ (పళ్ల డాక్టరు డిగ్రీ) చేసి ఇక్కడ డెంటల్ అసిస్టెంట్‌గా పనిచేస్తోంది. ‘ఏడాదిలో ఉద్యోగం వస్తుంది, ఈ కోర్సు చేయించు’ అంటోంది. కమ్యూనిటీ కాలేజీ అంటేనే బంధువుల్లో చిన్నచూపు. ఒకటే టెన్షన్‌గా ఉంది. మా వారిది హెచ్‌-1బీ ఉద్యోగ వీసా, పాపది దాని మీద వచ్చే డిపెండెంట్ వీసా హెచ్‌-4. ఏది మంచిది?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన హెచ్‌-4 దగ్గరే మొదలుపెడతాను. ఈ మూడు కోర్సుల్లో ఏది మీ పాపకు అక్కరకొస్తుందో ఇష్టాయిష్టాల కంటే ముందు ఆ వీసా తేలుస్తుంది.

హెచ్‌-4 మీద ఉన్న పిల్లలు హాయిగా చదువుకోవచ్చు కానీ ఉద్యోగం చేయకూడదు. గ్రీన్‌కార్డు చివరి దశలో ఐ-485 దరఖాస్తు వేసి, దాని మీద వర్క్ పర్మిట్ తెచ్చుకునేదాకా అంతే. పైగా 21 ఏళ్లు నిండగానే హెచ్‌-4 పోతుంది. ఆలోపే ఎఫ్‌-1 స్టూడెంట్ వీసాకు మారాలి, లేదా మరో దారి ఉండాలి. మీ గ్రీన్‌కార్డు లైనులో పాప వయసు లెక్క ఎలా పడుతుందో లాయరును ఇప్పుడే అడగండి, 20వ పుట్టినరోజు దాకా ఆగొద్దు.

ఇప్పుడు మీ తోడికోడలి సలహా చూద్దాం. ఆమె మంచి మనసుతోనే చెప్పింది, ఆమె విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం కూడా. ఆమె చేతిలో బీడీఎస్ ఉంది, పని చేసే అనుమతీ ఉంది. ఇక్కడి క్లినిక్ పద్ధతులు చూస్తూ, డాక్టర్ల దగ్గర సిఫారసు లేఖలు సంపాదించుకుంటూ, డెంటిస్టుల జాతీయ పరీక్ష ఐఎన్‌బీడీఈ రాసి, విదేశీ డెంటిస్టుల కోసం ఉండే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ప్రోగ్రాంలో రెండు మూడేళ్లు చదివితే అమెరికాలో డెంటిస్టు కాగలదు. మన ఆడపిల్లలు చాలామంది ఆ దారిలోనే వెళ్తున్నారు. మీ పాపకు ఆ డిగ్రీ లేదు. డెంటల్ అసిస్టింగ్ సర్టిఫికెట్ డెంటల్ కాలేజీకి మెట్టు కాదు. అందులోని క్రెడిట్లు ప్రీ-డెంటల్ చదువులోకి దాదాపు రావు.

అలాగని ఆ పని తక్కువదని కాదు. డాక్టరు పేషెంటు నోట్లోంచి చూపు తిప్పకుండా పని చేస్తుంటే, అసిస్టెంటు కుడిచేత్తో ఉమ్మి, నీళ్లు పీల్చే సక్షన్ గొట్టం పట్టుకుని ఎడమచేత్తో తర్వాతి పరికరం అందించాలి, అడగకముందే. ఎక్స్‌రేలు తీయాలి, క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టిన ప్రతి పరికరానికీ లెక్క చూడాలి, భయపడే పేషెంటుకు ధైర్యం చెప్పాలి. దేశం మొత్తం మీద చూస్తే మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 47 వేల డాలర్లు. పని చేసే అనుమతి ఉండి, త్వరగా సంపాదన కావాల్సిన వాళ్లకు నేనే ఈ కోర్సు చెప్తాను. డి ఆంజాకు సోదర కాలేజీ అయిన ఫుట్‌హిల్‌లోనే ఉంది. ఎక్కడ చేసినా కోడా (డెంటల్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. వేలకు వేలు తీసుకుని కొన్ని వారాల్లో ముగించే ప్రైవేటు ట్రైనింగుల జోలికి మాత్రం వెళ్లొద్దు. మీ పాపకు పళ్ల వైద్యం మీద నిజంగా ఆసక్తి ఉంటే కెమిస్ట్రీ, బయాలజీ మొదలుపెట్టి పళ్లు శుభ్రం చేసే డెంటల్ హైజీన్ వైపో డెంటిస్ట్రీ వైపో చూడాలి. హైజీనిస్టు జీతం అసిస్టెంటుకు దాదాపు రెట్టింపు.

ప్రోగ్రామింగ్ విషయంలో మీ వారితో ఏకీభవిస్తాను, అయితే ఒక షరతు మీద. డి ఆంజాలో సీ++, పైథాన్ సర్టిఫికెట్ తీసుకుని ఉద్యోగం వెతుక్కోవడం అనే ఆలోచన వదిలేయండి. ఈ రంగంలో డిగ్రీ లేని కొత్తవాళ్లకు తలుపులు తెరుచుకోవడం ఇప్పుడు మరీ కష్టం. ఇక్కడ ప్రోగ్రామింగ్ చదవడం యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావడానికే. కంప్యూటర్ సైన్స్‌లో బ్యాచిలర్స్ చేస్తే ఎఫ్‌-1 మీద 12 నెలల ఓపీటీ (చదువు తర్వాత ఉద్యోగం చేసుకునే అనుమతి), దాని మీద సైన్స్, టెక్నాలజీ డిగ్రీలకిచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు దొరుకుతాయి. మీ పాప పరిస్థితిలో ఆ మూడేళ్లు చాలా విలువైనవి.

బంధువుల మాట పట్టించుకోకండి. యూసీల్లో ట్రాన్స్‌ఫర్‌గా చేరేవాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా ఈ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. రాష్ట్ర నివాసికి డి ఆంజాలో చదువు క్వార్టర్ల (సుమారు మూడు నెలల టర్ముల) లెక్కన సాగుతుంది, క్వార్టర్ యూనిట్‌కు 31 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కు కావాల్సిన 90 యూనిట్లకు 2,790 డాలర్ల ట్యూషన్, పుస్తకాలూ చిల్లర ఫీజులూ వేరు. కాలిఫోర్నియాలో హెచ్‌-4 వాళ్లు కూడా రెసిడెన్సీ (ఫీజు లెక్కలో రాష్ట్ర నివాసి హోదా) పొందవచ్చు. అయితే కనీసం ఏడాదీ ఒక రోజు ఇక్కడే ఉన్నట్టు కాగితాలు చూపించాలి. మీ ట్యాక్స్ రిటర్నులు, ఇంటి లీజు సిద్ధంగా పెట్టుకోండి. అది పొరపాటున నాన్‌రెసిడెంట్‌గా పడితే ఫీజు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది లెక్కల దగ్గర. కాలిక్యులస్ డి ఆంజాలో ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు క్వార్టర్లు నడుస్తుంది, ఒకటి దాటితేగానీ రెండోది ఇవ్వరు. మొదటి క్వార్టరులో మొదలుపెట్టకపోతే ట్రాన్స్‌ఫర్ ఏడాది వెనక్కి పోయే ప్రమాదం ఉంది. సీ++ వరుస కూడా అంతే. ఆరు యూసీ క్యాంపస్‌లు ట్యాగ్ పేరుతో, షరతులు నెరవేర్చిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు ముందే సీటు హామీ ఇస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో అందులో లేవు. హామీ ఇచ్చే చోట కూడా కంప్యూటర్ సైన్స్‌కు వర్తించకపోవచ్చు. అందుకే అసిస్ట్ వెబ్‌సైట్లో ఒక్కో క్యాంపస్‌కు ఏ కోర్సులు కావాలో పాపనే కూర్చుని చూడమనండి. శాన్ హోసే స్టేట్‌ను కూడా లిస్టులో పెట్టండి.

ఇక డ్యాన్స్. దాన్ని మాన్పించకండి, దయచేసి. మేజర్‌గా తీసుకోమని మాత్రం చెప్పలేను, ఇప్పుడున్న వీసాతో ఆ రిస్క్ పెద్దది. కానీ ప్రతి క్వార్టరులో ఒక డ్యాన్స్ క్లాసుకు చోటుంటుంది. ఒకే తరహా డ్యాన్స్ క్లాసులు ఎన్ని తీసుకోవచ్చో దానికో పరిమితి ఉంటుంది, కాబట్టి బ్యాలే, మోడర్న్ అంటూ మార్చుకుంటూ వెళ్లాలి. కూచిపూడిని లోతుగా చదవాలనిపిస్తే మీ పక్కనే మిల్పిటాస్‌లో యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్ర ఉంది. ఇన్నేళ్లు కాళ్లకు గజ్జెలు కట్టిన పిల్ల ఒక్కసారిగా అన్నీ మానేసి కంప్యూటర్ ముందు కూర్చుంటే చదువు మీదే విరక్తి పుడుతుంది. అలా మాన్పించిన ఇళ్లలో మొదటి ఏడాదే క్లాసులు మధ్యలో వదిలేయడం (డబ్ల్యూలు, డ్రాపులు) చూశాను.

ఒక మాట మీ వారికి కూడా చెప్పండి. మొదటి సీ++ క్లాసు అయ్యాక, పిల్లను గ్రేడు అడగొద్దు. ప్రోగ్రాం పనిచేయనప్పుడు చిరాకుపడి మూసేసిందా, రాత్రి పొద్దుపోయేదాకా తప్పెక్కడో వెతికిందా, అది అడగండి. వెతికిందంటే ముందుకు వెళ్లండి. మూసేసిందంటే ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ వైపు మళ్లడానికి అప్పటికి ఇంకా టైముంది, చదివిన కాలిక్యులస్ కూడా వృథా కాదు.

ఈ నెలలోనే రెండు పనులు చేయండి: రెసిడెన్సీ కాగితాలు ఇచ్చి కాలేజీ నుంచి జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి, కౌన్సెలర్ దగ్గర పాపతో ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించండి. ఆ మీటింగుకు పాపను ఒక్కదాన్నే పంపండి.