సమాధానం: 1953 ఇటలీ ఎన్నికల్లో ప్రధాని డి గాస్పెరికి బోనస్ సీట్లు ఎందుకు రాలేదు?
మొదటి స్థానంలో ఉన్న పార్టీకి బోనస్ రావాలి కదా అని అడిగారు. మీ లెక్క తప్పింది పార్టీ ఓట్ల దగ్గర. ఆయన క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ 40 శాతంతో మొదటి స్థానంలో ఉన్నా, బోనస్ సీట్లిచ్చే అప్పటి ఎన్నికల చట్టం చూసింది ఆ పార్టీ, మిత్రపక్షాలు కలిసిన కూటమి మొత్తం ఓట్లనే.

1. చెల్లిన ఓట్లలో కూటమికి సగానికి పైగా రావాలి. అప్పుడే 590లో 380 సీట్లు.

2. అందరూ వదిలేసేది ఇదే: కూటమికి వచ్చింది సుమారు 49.8 శాతం. 50 అని రౌండ్ చేయకండి! మూడు కోట్లకు దగ్గరైన ఓట్లలో అరవై వేలు కూడా కాని తేడా అది. సీట్లు మామూలు దామాషాలోనే పంచారు.

3. మిత్రపక్షాలు దూరమయ్యాయి. జులైలో డి గాస్పెరి కొత్త ప్రభుత్వం విశ్వాస పరీక్షలో ఓడింది, ఆగస్టులో అదే పార్టీ నేత పెల్లా ప్రధాని అయ్యారు.

4. ప్రత్యర్థులు 'మోసపు చట్టం' అన్న ఆ చట్టం 1954లో రద్దయింది.